అభ్యంతరం లేదని లేచి నిలబడ్డవాణ్ణి

కాలేజీ రోజుల్లో నేను వక్తృత్వపు పోటీల్లో గెలిచిన స్టీలు గ్లాసుల్లోనే మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ కాఫీ ఇచ్చేది. గ్లాసు మీద చెక్కిన అక్షరాలేమిటని వాళ్లు అడిగేదాకా పక్కనే నిలబడేది. నన్ను చెడగొట్టింది ఆ గ్లాసులేనని ఇప్పటికీ అంటుంటాను. నెపం ఎవరి మీదో ఒకరి మీదికి నెట్టాలి కదా.

డెబ్భైల్లో నేనూ నా స్నేహితుడూ విజయవాడలో, భవానీపురంలో ఒక గది తీసుకుని ఉండేవాళ్లం. ఇద్దరం ఒకే ఆఫీసులో గుమాస్తాలం. వాడు క్రైస్తవుడు, మాట పొదుపు. నేను ఇద్దరికీ సరిపడా మాట్లాడేవాణ్ణి. వాడు వెళ్లే చర్చికే, టీచరు ట్రైనింగు చదువుతున్న ఒక అమ్మాయి వస్తుండేది. ఆ అమ్మాయి సొంతూరు ఉయ్యూరు పక్కన. అంతవరకూ లుంగీ మీదే వీధి చివరిదాకా వెళ్లొచ్చేవాడు ఉన్నట్టుండి చొక్కాలు ఇస్త్రీ చేయించుకోవడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయంటే వాడికి ప్రాణం. వాళ్ల నాన్నగారు ఊళ్లో బడి హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. ఏడాదిపాటు ఆలోచించి సరేనన్నారు.

వాడి గురించి ఒక సంగతి నాకు తెలుసు. ఉద్యోగానికి ముందు వాడికి టీబీ వచ్చింది. ఏడాది ఆసుపత్రిలో ఉండి, పూర్తిగా నయమై బయటికొచ్చాడు.

"ఆ అమ్మాయికి అంతా చెప్పేశాన్రా" అన్నాడొకరోజు.

"ఏమంది?"

"మందులు మధ్యలో మానలేదు కదా అని అడిగింది" అని నవ్వాడు.

ఆ అమ్మాయి ఇంట్లో చెప్పిందా అని నేను అడగలేదు. వినడం, అడగడం అనే విద్యలకు మా కాలేజీలో గ్లాసులు ఇచ్చేవాళ్లు కాదు.

వాళ్లలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా తగిన అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని అడుగుతారు. ఎవరూ ఏమీ చెప్పరు. అలా చెప్పకపోవడమే అక్కడి మర్యాద. మూడో ఆదివారం ఆరాధన తర్వాత అమ్మాయి వాళ్లింట్లో భోజనం. "తోడు రారా, ఒక్కణ్ణీ వెళ్లలేను" అన్నాడు. బందరు బస్సెక్కాం. చక్కెర ఫ్యాక్టరీ ఆడుతున్న రోజులు, దారంతా చెరుకు బళ్లు, ఉయ్యూరు రాకముందే చెరుకుపాకపు మడ్డివాసన. బస్సులో దారి పొడుగునా వాడికి ధైర్యం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు గానీ, గొంతు మాత్రం బాగా వేడెక్కింది.

ఆ అమ్మాయి ఊరి చర్చిలో మగవాళ్లొకపక్క, ఆడవాళ్లొకపక్క చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక పాస్టరుగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పేవాళ్లు చెప్పవచ్చు అన్నారు. ఒక పెద్దావిడ లేచి తన మోకాళ్లనొప్పి ఎలా తగ్గిందో చెప్పింది. అందరూ "స్తోత్రం!" అన్నారు. ఒకాయన తన కొడుక్కి విషజ్వరం వచ్చి బతికిన సంగతి చెప్పాడు. మళ్లీ "స్తోత్రం!" నాకు ముచ్చటేసింది. ఎంత మంచి సభ! జబ్బు పేరు చెబితే చాలు, చప్పట్లతో సమానం.

ఆ తర్వాత ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అన్నారు. అంతా నిశ్శబ్దం. మోకాళ్లనొప్పికి అంత స్పందించినవాళ్లు నా స్నేహితుడి పెళ్లి మాట వచ్చేసరికి ఒక్కరూ నోరు మెదపరేం? మా పక్క సభల్లో ఇలా ఎవరూ మాట్లాడకపోతే పిలిచినవాడికి అవమానం. వాడి తరఫున మాట్లాడేందుకు అంతమందిలో నేనొక్కణ్ణే ఉన్నాననిపించింది. లేచాను.

తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆ చర్చి పుట్టాక ఆ ప్రశ్నకు లేచిన మొదటి మనిషిని నేనేనట.

"నాకేమీ అభ్యంతరం లేదండీ" అని మొదలుపెట్టాను. అక్కడే కూర్చుని ఉంటే ఆ రోజు ఒక నవ్వులాటగా మిగిలిపోయేది. "ఈ అబ్బాయి ఎలాంటివాడో మీకు తెలియాలి. టీబీతో ఏడాదిపాటు ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా ధైర్యం వదల్లేదండీ. పక్క మంచాలవాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టాడు. ఆ జబ్బును జయించి మీ ముందు కూర్చున్నాడు!"

చేయి పైకెత్తి ఆగాను. "స్తోత్రం" కోసం.

ఎవరూ అనలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు మాత్రం "క్షయా?" అంది. నా స్నేహితుడు తల వంచుకుని చాప పుల్ల ఒకటి పీకుతున్నాడు. హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

బయటికొచ్చాక ఆయన నన్ను పక్కకి పిలిచారు. గొంతు పెంచలేదు. "పొద్దుటి నుంచీ పిల్ల, సాయంత్రం మీతో ఒక మాట చెప్పాలి నాన్నా అంటోంది. ఇదేనన్నమాట" అన్నారు. కళ్లజోడు పెట్టుకుని, "ఇంట్లో చెబితే ఒప్పుకునేవాణ్ణేమో బాబూ. ఊరందరి ముందూ విన్నాక, తెలిసీ ఇచ్చాడంటారు, లేకపోతే తెలియక మోసపోయాడంటారు. ఇక నాకు ఏం మిగిలిందండీ?" అన్నారు. నాలాంటివాణ్ణి ఆయన అండీ అనడం ఆ ఒక్కసారే.

సంబంధం అక్కడితో ఆగిపోయింది. అయినా, వచ్చినవాళ్లు ఆకలితో పోకూడదని ఆయన పట్టుబట్టి మాకు భోజనం పెట్టించారు. వాడు మెతుకు ముట్టలేదు. నేను తిన్నాను. సిగ్గుతో చచ్చిపోతూ కోడికూర రెండోసారి వేయించుకున్నాను. ఆ అమ్మాయి పెరుగు వడ్డిస్తూ, నా వైపు చూడకుండా, "మీరు బాగా మాట్లాడతారండీ" అంది. నాకు అంతకు ముందు వచ్చిన ఏ బహుమతీ అంతగా గుర్తులేదు.

తిరుగు బస్సులో, "మంచి ఉద్దేశంతోనే అన్నాన్రా" అన్నాను. "తెలుసురా" అన్నాడు వాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టించుకున్నవాడికి కనీసం అలిగే హక్కయినా ఉంటుంది.

ఇక్కడితో ఆపినా నేను బాగుపడేవాణ్ణే. చేసింది సరిదిద్దాలనే ఇంకో మంచి ఉద్దేశం పుట్టింది. ఆ పై ఆదివారం వాడికి చెప్పకుండా, వాడి పెట్టెలోని ఎక్స్‌రే తీసుకుని ఆ ఊరు వెళ్లాను. లోపల వెలుతురు చాలదని హెడ్మాస్టరుగారిని వీధరుగు మీదికి పిలిచి, ఫిల్మును ఎండకు ఎత్తిపట్టి, "చూడండి మాస్టారూ, ఊపిరితిత్తులు ఎంత శుభ్రంగా ఉన్నాయో!" అని చూపించాను. ఎదురింటివాళ్లు వచ్చారు. చెరుకు బండి తోలుకుపోతున్నవాడు ఎడ్లను నిలబెట్టి మరీ చూశాడు. చర్చికి రాని పేటలవాళ్లకు కూడా ఆ రోజుతో సంగతి తెలిసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడిందంటారే, నేను మందుసీసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే రకం.

మరుసటేడు ఆ అమ్మాయికి వేరేచోట పెళ్లి చేశారు. వాడు ఆ కబురు విని, చొక్కా ఇస్త్రీకి ఇవ్వడం మానేశాడు. నాకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడిస్తే మళ్లీ వాడే ఓదార్చాలి కదా అని, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని బయటికెళ్లి కూర్చున్నాను. తర్వాత వాడు ఇబ్రహీంపట్నంలో గది చూసుకుని వెళ్లిపోయాడు. ఆఫీసులో కలిసినప్పుడు ఎప్పటిలాగే పలకరించేవాడు.

నా ఉద్దేశం మంచిదేనని ఎన్నోసార్లు నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అయితే ఆ రోజు చర్చిలో లేచినప్పుడు వాడి మేలు ఎంత తలుచుకున్నానో, నా నోటిదురద ఎంత తీర్చుకున్నానో విడదీసి చూడమంటే ఇప్పటికీ చేతకాదు. "స్తోత్రం" కోసం ఆగానే, ఆ ఆగడం మాత్రం వాడి కోసం కాదు.

తర్వాత నాకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి నా గురించి వాకబు చేస్తూ, పాత స్నేహితుడని తెలిసి వాడి దగ్గరికే వెళ్లారు. ఆ మాట తెలిసి నాకు నిద్ర పట్టలేదు. నా గురించి వాడికి తెలియంది లేదు. నిజాలే చెప్పినా చాలు, నేను జన్మంతా బ్రహ్మచారిని.

సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక మామగారు ఒకరోజు భోజనాల దగ్గర మురిసిపోతూ చెప్పారు. "మీ స్నేహితుడు ఎంత పెద్దమనిషండీ! ఒక్కటే మాటన్నాడు, వాడి మనసు మంచిదండీ అని. మరి మిగతా సంగతులు బాబూ అంటే, మనసు వరకైతే నేను పూచీ అండీ అన్నాడు. ఇంక నేనేమీ అడగలేదు."

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ రోజు నేను కూర రెండోసారి వేయించుకోలేదు.