పొంతన చూసి కొన్న మెమరీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దారిలో దిష్టి నిమ్మకాయ తొక్కితే మా అత్త తలస్నానం చేయమంటుంది. నేను చెప్పు కడుక్కుని లోపలికి వస్తాను. లెక్కల టీచర్ని, నా మొండితనం నాది.

తోటపల్లి గూడూరులో మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. మా ఆయన తన చేతులతో బిగించుకున్నది. ఆయన పోయి పదిహేనేళ్లు. ఉప్పుగాలికి కిటికీ కమ్మీలే నిలవని ఊళ్లో దాన్ని దుప్పటి కప్పి కాపాడుకొస్తున్నాను. ఎందుకంటే ఆయన గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు.

మైకు కొన్న రోజు సరదాగా మాట్లాడి రికార్డు చేశాడు. నాలుగు నిమిషాలు. కానీ ఎప్పుడు పెట్టినా సగంలో మెమరీ చాలదని ఆగిపోయేది. మెమరీ పెంచుదాం అంటూనే పోయాడు. మిగతా సగం నేను వినలేదు. డిస్కు ఊడదీసి వేరే దాంట్లో పెట్టిస్తామన్నారు గానీ, ఆయన బిగించింది విడదీయడానికి నాకు మనసు రాలేదు.

ఏ భాగం కొనాలన్నా ముందు “పొంతన చూడాలి” అనేవాడు. మా పెళ్లికి జాతకాలు చూసి పొంతన కుదరలేదన్నారు, మేము వినలేదు. అందుకే ఆ వెక్కిరింత. కంప్యూటర్ సామానుకి ఆ మాట ఇంకెవరూ వాడగా నేను వినలేదు.

పోయిన వేసవి సెలవుల్లో పెట్టె విప్పాను. బోర్డు నంబరు రాసుకుని, మెమరీ ముక్క అంచున ఉండే లోహపు కాళ్లు లెక్కపెట్టాను. డెబ్బై రెండు. కింద “ఒకటి కావాలి” అని రాసి, నెల్లూరులో పాత సామాను అమ్మే షాపుకి బస్సెక్కాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఊరి పేరు చెప్పగానే షాపతను పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో రెండు ముక్కలున్నాయి. నాకు ఒకటి చాలన్నాను.

“పొద్దున ఒకాయన ఫోన్ చేసినాడు గదక్కా. తోటపల్లి గూడూరు టీచరమ్మ వస్తాది, ఒకటే అడుగుతాది, ఇయ్యబాక. ఆ బోర్డుకి జంటగా పెడితేనే పొంతన కుదిరేది అనినాడు. మీ ఇంటాయన అనుకుంటిని.”

షాపు ఫోను పాతది, నంబరు చూపించదు. రెండు ముక్కలకీ డబ్బులిచ్చి బస్సెక్కాను.

ఇంటికొచ్చి, పంతం కొద్దీ ముందు ఒక్కటే పెట్టి చూశాను. మెమరీ పెరగలేదు. రెండోది కూడా పెట్టాక తెర మీద అంకె పైకెక్కింది.

నాలుగు నిమిషాలూ విన్నాను. కృష్ణపట్నం పోర్టులో డ్యూటీ నుంచి నాకు ఫోన్ చేస్తున్నట్టు నటించాడు. తిన్నావా అన్నాడు, కాకిని అదిలించాడు. చివర “సరే, ఉంటా మరి” అన్నాడు.

మర్నాడు మళ్లీ షాపుకి వెళ్లి, ఫోన్ చేసినతను ఇంకేమన్నాడని అడిగాను.

“ఇంకేం లేదక్కా. ఉంటా అని పెట్టేసినాడు.”

ఫోన్ పెట్టేటప్పుడు అందరూ అనే మాటే అది. ఆ ఫోన్ చేసిందెవరో నాకు ఈరోజుకీ తేలలేదు. ఆయనే అయితే, షాపుకి చేసే బదులు నాకే చేసి ఉండొచ్చు కదా అనిపిస్తుంది.