మా కారుకు చిన్న చక్రాలే

మా కారు చక్రాలు చిన్నవి. పదిహేను ఇంచులు. ఈ మాట ఊళ్లో ఎక్కడైనా చెప్పుకోవచ్చు గానీ ఫిల్మ్‌నగర్‌లో మాత్రం గొంతు తగ్గించి చెప్పాలట. నేను తగ్గించను. గొంతు మీద బతికే మనిషిని, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. ఒకప్పుడు హీరోయిన్ల స్నేహితురాళ్లకు చెప్పేదాన్ని, ఇప్పుడు హీరోల తల్లులకు చెబుతున్నాను. ఇల్లు వెంగళరావు నగర్‌లో, పని ఫిల్మ్‌నగర్‌లో. మధ్య దూరం పెద్దదేమీ కాదు, కానీ పొద్దున పూట ఆ కాస్త దూరమూ కారు చీమలా పాకాలి. అందుకే హైబ్రిడ్ కొన్నాను. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది. ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు ఇంజను ఊరుకుంటే మోటారు ఒక్కటే లాగుతుంది. ఆ నిశ్శబ్దంలో నా డైలాగులు నేను వల్లించుకుంటూ పోతాను. పక్క కార్లవాళ్లు ఈవిడకేదో అయిందనుకుంటారు. అనుకోనీ.

ఇంతకూ ఆ కారు కొనడానికి అసలు కారణం పెట్రోలు కాదు, నా పక్క సీటు. అందులో కూర్చునేది మా ఆయన.

మా ఆయన సినిమా ఫైటరు. పుట్టి పెరిగింది బోరబండ, నాది గుడివాడ. స్టూడియో క్యాంటీన్లో కలిశాం, కృష్ణానగర్లో ఒంటిగది కాపురం పెట్టాం. హీరోలు పడాల్సిన చోటల్లా ఆయన పడ్డారు. మేడల మీంచి పడ్డారు, అద్దాల్లోంచి పడ్డారు. చివరికి ఒక షూటింగులో కారు పల్టీ కొట్టించబోతే అది అనుకున్నట్టు కాకుండా ఇంకోలా పడింది. వెన్నులో ప్లేటు వేసి మరలు బిగించారు. డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. కుదుపు తగలకూడదు. ఎడమకాలికి పోయే నరం ఇప్పటికే నలిగింది, ఇంకా నలిగితే ఆ కాలి మీద ఆశ వదులుకోవాలి.

ఆ మాట విన్నది నేనే. ఆయన విన్నారో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఫైటర్లకొక అలవాటు ఉంది. ఎంత దెబ్బ తగిలినా లేచి బట్టలు దులుపుకుని "ఏం కాలే" అంటారు. అది ధైర్యం కాదు, తిండి. నొప్పి అన్నవాణ్ని రేపు ఎవరూ పిలవరు. ఆ రోజు కూడా నుజ్జయిన కారులోంచి బయటికి లాగుతుంటే ఈయన "ఏం కాలే" అనే అన్నారట. అందుకని ఆయన నోటి మాట నేను నమ్మను. ఆయన చేతిని నమ్ముతాను. కారు తలుపు పైన పట్టుకోవడానికి పిడి ఉంటుంది చూడండి, నొప్పి లేచినప్పుడు ఆయన చెయ్యి దాని మీదికి పోతుంది.

కారు కొనేముందు షోరూముల వెంట తిరిగి, ఆయన్ని ప్రతి కారులోనూ కూర్చోబెట్టి, చెయ్యి పిడి మీదికి పోని కారు కొన్నాను. అందులో చక్రాలు చిన్నవి, టైర్లు బొద్దుగా ఉన్నవి. పెద్ద చక్రాల మోడల్ కూడా ఉంది, వద్దన్నాను. ఇంటి పని, ఆసుపత్రి పని, నా పని అన్నీ దాని మీదే సుఖంగా జరిగిపోయాయి.

ఈలోగా ఒక కబురు వచ్చింది. ఒకప్పుడు ఈయన చేతికింద పడడం నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు పెద్ద ఫైట్ మాస్టరు. అతనే ఇంటికొచ్చి, "అన్నా, నువ్వు దుంకేది లేదు, కొట్టేది లేదు. సెట్ల మనోళ్లను చూస్కో, చాలు" అన్నాడు. రెండేళ్లుగా గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. సినిమా ఏడుపు కాదు, అసలుది.

మా మరిది కూడా సంతోషించాడు. సంతోషిస్తే ఊరుకోవచ్చు కదా. కారు సర్వీసింగుకు ఇచ్చి వస్తానని తీసుకెళ్లి, పద్దెనిమిది ఇంచుల చక్రాలు వేయించి తెచ్చాడు. నల్లగా మెరిసిపోతూ, చుట్టూ నల్లదారం కట్టినట్టు సన్నటి టైర్లు.

"అన్న మాస్టర్ల నడుమల తిరిగెటోడు వదినె. గా డబ్బా చక్రాలేసుకొని పోతే ఇజ్జత్ ఉంటదా" అన్నాడు.

జూబ్లీహిల్స్‌లో అతని మాట అబద్ధమేమీ కాదు. అక్కడి గేటు దగ్గర వాచ్‌మెన్ ముందు చక్రం చూస్తాడు, తర్వాత ముఖం చూస్తాడు. దాన్నిబట్టి సలామా, "ఎవరు కావాలండీ"నా అన్నది తేలుతుంది. మా ఆయన కారు చుట్టూ తిరిగి ప్రతి చక్రాన్నీ చేత్తో తడిమారు. ఆ ముఖం చూశాక నా నోరు పెగల్లేదు. నా నోరు పెగలకపోవడం మా ఇంట్లో ఏడాదికోసారి జరిగే వింత.

మరునాడు మాస్టరు ఆఫీసుకు బయల్దేరాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి ఫిల్మ్‌నగర్ వైపు దిగేసరికే నాకు అర్థమైంది. రోడ్డు మీద చిన్న అతుకు వచ్చినా సీటు కిందినుంచి ఎవరో తన్నినట్టుంది. అక్కడ బంగళాకొక స్పీడ్ బ్రేకర్. మొదటిదానికే ఆయన చెయ్యి పిడి మీదికి పోయింది, ఆఫీసు వచ్చేదాకా దిగలేదు.

"నొప్పిగా ఉందా" అని అడిగాను.

"ఏం లేదు. నువ్వు రోడ్డు చూడు."

ఇందులో మాయేమీ లేదు. చక్రం పెద్దదంటే టైరు మొత్తం పెద్దదవదు, అయితే బాడీకి తగులుతుంది మరి. లోపలి లోహం పెరిగి, చుట్టూ ఉన్న రబ్బరు తరుగుతుంది. గుంత వచ్చినప్పుడు ముందు వంగేదీ మింగేదీ ఆ రబ్బరూ దానిలోని గాలీ. అవి పలచబడితే పరుపు తీసేసి దుప్పటి మీద పడుకున్నట్టే. గుంత ఎక్కడికీ పోదు, నడుములోకి వస్తుంది. పైగా ఆ చక్రాలు బరువు, టైర్లు వెడల్పు. ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ ఆ బరువును మళ్లీ కదిలించాలి. మోటారు ఒక్కటే లాగాల్సిన చోట ఇంజను ఉలిక్కిపడి లేచేది. నా డైలాగుల నిశ్శబ్దం పోయింది. లీటరుకు ఇరవై మూడు కిలోమీటర్లు చూపించే తెర పంతొమ్మిది దగ్గరే కూర్చుంది.

మరిదితో ఆ మాటంటే, "ఏసీ ఎక్కువ పెడుతున్నవేమో వదినె" అన్నాడు.

ఏసీ అదే, రోడ్డు అదే, తొక్కే కాలూ అదే. మారింది చక్రాలొక్కటే. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా మలుపు తిరిగితే పెద్ద చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయట. నిజమే కావచ్చు. మా ఆయన్ని పక్కన పెట్టుకుని నేనెందుకు వేగంగా మలుపులు తిరుగుతాను?

ఆ వారం ఆయన మాస్టరు ఆఫీసు నుంచి ఇంటికి రాగానే బూట్లతోనే నేల మీద పడుకునేవారు. వంగి లేసులు విప్పుకోలేక. నేను విప్పబోతే కాలు లాక్కునేవారు. ఒకరోజు విప్పుతూ ఎడమ మడమ మీద గిల్లాను. ఆయనకు తెలియలేదు. టీవీ చూస్తూనే ఉన్నారు.

నాకు ఒళ్లు మండింది. భయంతోనే మండింది.

"రేపు ఆ చక్రాలు తీయించేస్తున్నాను" అన్నాను.

"తీసి ఏమని చెప్తవు? మా ఆయనకు నడుము పోయిందని చెప్తవా? ఒక్కసారి నొప్పి అని తెల్సిందనుకో, రేపు ఎవ్వడు పిలవడు. నీకేం తెలుసు ఫైటర్ల సంగతి."

"ఫైటర్ల సంగతి నాకెందుకండీ. నాకు మీ ఎడమకాలి సంగతి తెలుసు."

"నా కాలు నా ఇష్టం."

"మీ కాలు మీ ఇష్టమే. స్టీరింగు నాది."

పాత చక్రాలు మరిది ఇంట్లో మేడమెట్ల కింద పడేసి ఉన్నాయి. బోరబండ వెళ్లి నేనే డిక్కీలోనూ వెనక సీట్లోనూ వేసుకున్నాను. అతను అడ్డుపడ్డాడు. ప్రేమతో ఇచ్చింది తిప్పికొడతావా అన్నాడు. ప్రేమ ఉంటే మీ అన్నకు మంచి బెల్టు కొనివ్వు, నడుముకు కట్టుకుంటారు అన్నాను. రెండు నెలలు మా ఇంటికి రాలేదు. పండగక్కూడా రాలేదు. ఉండనిచ్చాను.

టైర్ల షాపతను జాకీ పెట్టి, కొత్త చక్రాల వంక, పాత చక్రాల వంక మార్చి మార్చి చూశాడు. "మేడమ్, అందరు చిన్నయి తీసి పెద్దయి ఏస్కుంటరు. మీరేంది ఉల్టా?"

"అందరి నడుములూ నా పక్క సీట్లో కూర్చోవు బాబూ. బిగించు."

ఇంటి ముందు కారు చూసి ఆయన ముఖం తిప్పుకుని లోపలికి పోయారు. మరునాడే మొదటి షూటింగు. పొద్దున్నే తయారై, ఆటోలో పోతానన్నారు. పొండి, ఆటో చక్రాలు ఇంకా చిన్నవి అన్నాను. కాసేపు గుమ్మంలో నిలబడి, వచ్చి కారులోనే కూర్చున్నారు. దారంతా చెయ్యి ఒళ్లోనే ఉంది.

షూటింగు జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా. నాకు డబ్బింగు మధ్యాహ్నం, అందుకని కారు లోపలికి పోనిచ్చి నేనూ ఉండిపోయాను. ఫైటర్లంతా చెట్టు కింద టీ తాగుతున్నారు. అందులో ఒకడు కారు చూసి, "అన్నా, స్టెప్నీల మీద వచ్చినవా ఏంది" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టరు కూడా నవ్వాడు. నా నాలుక మీద నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో చెంపదెబ్బ.

ఈలోగా ఆయన తలుపు తీసుకుని, నా సాయం లేకుండా దిగి, నిటారుగా నిలబడ్డారు.

"నాకు నడుం నొప్పి ఉంది. పెద్ద చక్రాలకు ఎక్కువైతుంది. గందుకే చిన్నయి" అన్నారు.

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నాతోనే అనలేదు, డాక్టరుతో అనలేదు. పదిమంది ఫైటర్ల ముందు అన్నారు. అయిపోయింది, ఈ పని కూడా నా మూలంగానే పోయింది అనుకున్నాను. అనుకుని కూడా చక్రాలు మార్చినందుకు నాకు చింత కలగలేదు. మాస్టరు టీ గ్లాసు కింద పెట్టి, "రా అన్నా, షాట్ చూద్దాం" అన్నాడు.

మొదటి షాటులో ఒక కుర్రాడు మేడ మీది వసారాలోంచి వెనక్కి పడాలి. కింద పరుపులు పరిచారు. ఆయన మెల్లగా మోకాలి మీద వంగి, పరుపు మీద అరచేయి పెట్టి అదిమారు. చెయ్యి నేల దాకా పోయింది.

"ఇంకో వరస తెప్పియ్యున్రి."

మేనేజరు పరుగున వచ్చాడు. ఇంకో వరస వేస్తే కెమెరాలో కనిపిస్తుందండీ, లైటు పోతుందండీ, పైన అతను రెడీగా ఉన్నాడండీ, సరేనంటున్నాడండీ అన్నాడు.

ఆయన మేడ మీది కుర్రాడి వైపు చూశారు. "వాడు సరేనంటడు. నేను గూడ గట్లనే అన్న. వాణ్ని అడగకున్రి, నన్ను అడుగున్రి" అన్నారు.

మేనేజరు మాస్టరు వంక చూశాడు. మాస్టరు నేల చూపులు చూశాడు. మా ఆయన ఇంకెవరి వంకా చూడకుండా, ఆ కుర్రాడు పడాల్సిన చోటే, పరుపు మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. పరుపులు వచ్చేదాకా లేవలేదు.