తువాల కింద కందిపప్పు

నాకు ఎక్కాలు రాకముందే వేళ్ళ లెక్క వచ్చింది. నారాయణఖేడ్ ధాన్యం బజారు గంజ్‌లో మాది అడ్తి దుకాణం. రైతు తెచ్చిన సరుకును బయటి ఊరి వ్యాపారికి అమ్మిపెట్టి మధ్యలో కమీషన్ తీసుకోవడం మా బతుకు. ధర నోటితో చెప్పుకునేవాళ్ళు కాదు. వ్యాపారీ మా బాపూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద ఒక తువాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకునేవాళ్ళు. ఒక వేలు పడితే ఒకటి, అయిదు వేళ్ళూ కలిపి పడితే అయిదు. మొదట పట్టేవి వందలు, తర్వాత పట్టేవి పదులు. అంతా అయ్యాక చివర్లో చిటికెన వేలు ఒక్కటి విడిగా నొక్కితే అది క్వింటాలుకు పది రూపాయలు, మధ్యవాడి జేబుకు. ఆ సంగతి సరుకు తెచ్చినవాడికి చెప్పరు. మధ్యవాడు చెయ్యి లాక్కుంటే వద్దని అర్థం, ఊరుకుంటే సరేనని. రైతు పక్కనే బస్తా మీద కూర్చుని తువాల కదలడం చూస్తుండేవాడు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించీ పెండ్లిళ్ళ గురించీ మాట్లాడుకునేవాళ్ళు.

ఎనభైల నడుమ ఒక ఏడు, కందులు వచ్చే రోజుల్లో, మనూర్ అవతలి ఊరి నుంచి ఒక ముసలామె బండి మీద మూడు బస్తాలు తెచ్చింది. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. బేరం నడుస్తుంటే ఆమె లేచి వచ్చి బాపు ముందు నిలబడింది.

"సేటూ, ఆ తువాల జర తియ్యి. నేను గూడ జూస్త."

"తీస్తే ఏముంటదవ్వా, వేళ్ళే ఉంటయి" అన్నాడు బాపు.

"నా కందులు గూడ గా వేళ్ళలనే ఉన్నయి గద."

గంజ్ అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "పోయిన ఉగాదికి నీ దగ్గర్నే పప్పు కొన్న. నా కందులే పట్నం బోయి, పొట్టు ఇడిశి, మల్ల నీ దుకాణంలకే వచ్చినయి. పొట్టు ఇప్పినందుకు గంత ధరనా? నా ఇంట్ల ఇసుర్రాయి లేదా?" అని, బస్తాలు మళ్ళీ బండికెత్తించుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

నవ్వు ఆగాక నాకు నిద్ర పట్టని ఆలోచన ఒకటి తగులుకుంది. కందులు మా దుకాణం నుంచి వెళ్ళడమూ పప్పు మా దుకాణానికి రావడమూ పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ రెండూ ఒకటే గింజ అని ఏనాడూ అనిపించలేదు. ఖాతా రాసుకుని కమీషన్ తీసుకునే వైపు పుట్టినవాడికి అలాంటివి అనిపించవు.

నేను అవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళింది వాళ్ళ బాగు కోసం కాదు. రెండుసార్లు ఇంటర్ తప్పి దుకాణంలో కూర్చున్న కొడుకుని. చాయ తాగాలన్నా బాపును అడగాలి. ఆ ముసలామె కోపంలో నాకు నా సొంత కమీషన్ కనిపించింది. తర్వాతి వారం మనూర్ బస్సెక్కాను. అప్పటికే అక్కడ ఇరవై ఇండ్లవాళ్ళు సంఘం పెట్టుకునే మాటలో ఉన్నారు. రాసేవాడు, బజారు తెలిసినవాడు కావాలి. నేను ఆ రెండూ అని చెప్పుకున్నాను. క్వింటాలుకు ఇంత అని నా వాటా అందరి ముందూ తేల్చారు. అవ్వ ఒక్క షరతు పెట్టింది.

"ధర నోటితోనే చెప్పాలె. చేతులు అందరికి కనవడాలె."

సరేనన్నాను. బేరగాడు తనకు పనికిరాని షరతుకు ఎంత తొందరగా తల ఊపుతాడో అంత తొందరగా ఊపాను.

వాళ్ళలో సగం మంది సగం కందులు గింజగానే అమ్ముకుందామన్నారు. అప్పుడే మిల్లు పప్పుతో పోటీ అంటే భయం వాళ్ళకు. నేనే ఊరుకోలేదు. "సగం సగం పెడితే బజార్ల మనల్ని ఎవడు లెక్క జేస్తడు? అంతా పప్పే జేద్దాం. అమ్ముడు నాకు ఇడిశిపెట్టుండ్రి" అన్నాను. ఇరవై ఇండ్ల ఏడాది పంట ఆ మాట మీద నానింది.

కందులు నానబోశారు. నీళ్ళు వార్చి, జాజు కలిపిన ఎర్రటి బురద పట్టించి, కుప్పపోసి గోనెలు కప్పారు. మర్నాడు కళ్ళంలో ఆరబోశారు. నాలుగైదు రోజులు ఎండి, మన్ను జల్లెడలో రాలిపోయాక, బడి వరండాలో పది ఇసుర్రాళ్ళు వరసగా పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. పొట్టు బర్రెలకు, నూక ఇండ్లకు, బద్దలు బస్తాలకు. పప్పు పసుపుముద్దలా మెరిసింది. నేను చేత్తో తీసి చూసుకుని మురిసిపోయాను. ఒక్క సంగతి మాత్రం అప్పుడు తట్టలేదు. కందులైతే ఈ వారం ధర లేకపోతే పై వారం అమ్మొచ్చు, ఎవడికైనా అమ్మొచ్చు. నానిన గింజను మళ్ళీ కంది చేసే విద్య ఎవరి దగ్గరా లేదు.

ఖేడ్ బజారులో ఒక్క దుకాణం కూడా ఆ పప్పు తీసుకోలేదు. చిన్నప్పటి నుంచి మామా అని పిలిచిన సేటు నా పప్పును వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "మంచిగున్నది గని మా తాన మిల్లు పప్పే నడుస్తదిరా" అన్నాడు. పక్క దుకాణంలోనూ అదే మాట. ఆ పక్క దుకాణంలోనూ అంతే, అక్షరం మారలేదు. ఆ వాక్యం ఏ హోటల్లో, ఎవరి చాయ మీద తయారైందో నాకు తెలుసు. ఆ మనిషి ఇంట్లోనే నేను రోజూ అన్నం తింటున్నాను.

బాపు నన్ను ఒక్క మాటా అనలేదు. పోరా అనలేదు, రారా అనలేదు. అమ్మ పప్పు వడ్డించినప్పుడల్లా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మంచిగ ఉడికింది. మిల్లుది గద" అని అమ్మతో అనేవాడు. అమ్మ కూడా కొన్నాళ్ళు రోజూ పప్పే వండింది. ఆమె ఎవరి వైపో నాకు ఇప్పటికీ తెలియదు.

కల్హేర్ అంగడికి తీసుకెళ్ళి సోలలతో కొలిచి అమ్మాం. మంచి ధరే వచ్చింది. కానీ వారానికి ఒక బస్తా కదిలితే గొప్ప. ముప్పై క్వింటాళ్ళకు కొంచెం తక్కువ పప్పు బడి గదిలో గోడంత ఎత్తున ఉంది. ఎండాకాలం సెలవులు అయిపోయే లోపల గది ఖాళీ చేయాలని పెద్దసారు రెండుసార్లు కబురు పెట్టాడు. ఆరుద్ర పురుగు కనిపించే లోపల విత్తనాలు కొనుక్కోవాలి, ఆ పైసలన్నీ ఆ గోడలో ఉన్నాయి. ఊళ్ళోకి వెళితే ఇరవై ఇండ్లవాళ్ళు నా మొహం చూసేవాళ్ళు. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు. "ఏమాయె బిడ్డా?" అనేవాళ్ళు, అంతే. ఖేడ్‌కు వస్తే గంజ్ అంతా నా మొహం చూసేది. నడుమ బస్సులో ఉన్న గంటన్నర మాత్రమే నేను ఎవరికీ జవాబు చెప్పనక్కరలేనివాణ్ణి. డ్రైవరు నెమ్మదిగా నడిపితే సంతోషించేవాణ్ణి.

చివరికి బీదర్ వ్యాపారికి కార్డు రాశాను. ఏళ్ళ తరబడి బాపు దగ్గర కందులు కొన్న మనిషి. నేను నడక నేర్చుకుంటున్నప్పటి నుంచి ఎరిగినవాడు. బాపుకు చెప్పకుండా, ఖేడ్‌లో ఆగకుండా, ఖాళీ లారీ వేసుకుని నేరుగా ఆ ఊరికే వచ్చాడు. లారీ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బడి వరండాలో మంచం వేశాం. సంఘం వాళ్ళు, ఆడామగా, చుట్టూ కూర్చున్నారు. ఆయన పప్పు దోసిట్లో పోసుకుని చూశాడు.

"మాల్ అచ్ఛా ఉన్నది, ఛోటే సేట్. చేతి మాల్. బీదర్ల పెద్ద ఇండ్లోళ్ళు అడుగుతరు."

అంటూ భుజం మీది రుమాలు తీసి తన ముంజేతి మీద పరిచి, చెయ్యి ముందుకు చాపాడు. అంతే. నా కుడిచెయ్యి నన్ను అడగకుండా వెళ్ళి ఆ రుమాలు కిందికి దూరింది.

మంచి బేరమే చేశాను, అబద్ధం చెప్పను. ఆయన ఏడు వందల ముప్పై దగ్గర మొదలుపెట్టాడు. నేను ఆయన చూపుడు వేలు వదలకుండా, పైకి వాళ్ళ పెద్దబ్బాయి చదువు గురించి అడుగుతూ, ఏడు వందల ఎనభైకి లాగాను. మా బాపు చూస్తే తల ఊపేవాడు. అప్పుడు ఆయన నా చిటికెన వేలు మెత్తగా ఒక్కసారి నొక్కాడు.

చెయ్యి లాక్కోలేదు. తీసుకుందామని అనుకోలేదు, వద్దని కూడా అనుకోలేదు. ఒక రెప్పపాటు ఊరుకున్నాను. మా విద్యలో ఊరుకోవడమంటే ఏమిటో ముందే చెప్పాను.

రుమాలు తీశాడు. "ఏడు వందల ఎనభై" అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా. ఆ ఏడు కందిపప్పుకు అది మంచి ధర. వాళ్ళ మొహాలు వికసిస్తాయని చూశాను. ఎవరూ కదల్లేదు.

"లోపట ఎంతన్నడు?" అంది అవ్వ.

"గదే అవ్వా. ఏడు వందల ఎనభై."

"గదే అయితే తువాల ఎందుకు?"

అలవాటు అనొచ్చు. దొంగ కూడా అదే అంటాడు.

అవ్వ లేచి వచ్చి మంచం అంచున కూర్చుంది. వ్యాపారి చేతిలోంచి రుమాలు తీసుకుని తన చేతి మీద కప్పుకుంది. "ఆయన నీకెట్ల పట్టిండో గట్లనే నాకు పట్టు" అంది.

ఆమె చెయ్యి ఇసుర్రాయి పిడిలా గట్టిగా ఉంది. అయిదు వేళ్ళు పట్టాను, తర్వాత రెండు: ఏడు వందలు. మళ్ళీ అయిదు, మూడు: ఎనభై. నోటితో కూడా చెబుతూ పట్టాను. అయిపోయిందన్నట్టు ఆపాను. కానీ చేతికి అబద్ధం ఆడే అలవాటు నోటికున్నంత ఉండదు. నా వేళ్ళు ఆమె చిటికెన వేలి దాకా వెళ్ళి అక్కడ ఆగాయి. ఆమె కనిపెట్టింది.

"ఇంకోటి ఉన్నది."

వ్యాపారి చూపు తిప్పుకుని లారీ చక్రాల వైపు చూస్తున్నాడు.

"పట్టు బిడ్డా. ఉన్నది పట్టు."

పట్టాను.

"ఇదేంది?"

"పది రూపాయలు. నాది."

ఎవరో మొగాయన పళ్ళ సందుల్లోంచి ఉమ్మాడు. తిట్టినా బాగుండేది. అవ్వ రుమాలు మడిచి వ్యాపారి ఒడిలో పెట్టింది. "సేటూ, ఆ పది నీ తాన ఉన్నట్టే గద. అవి ఇటు ఇయ్యి. దాసినందుకు ఇంకో పది. ఎనిమిది వందలు."

"వాహ్ అమ్మా" అని ఆయన నవ్వి లేచాడు. "పది ఇస్త. ఇరవై నాకు పడదు. ఇగ నేను పోత." చెప్పులు వేసుకున్నాడు. లారీ ఎక్కాడు. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. గది నిండా పప్పు, బడి తెరవడానికి వారం. ఇరవై ఇండ్లవాళ్ళు ఇప్పుడు ఆయన్ని కాదు, నన్ను చూస్తున్నారు. అవ్వ కూడా చూసింది. "ఏమంటవు? నీకు ఎరికైన విద్యనే గద" అంది.

గంజ్‌లో పుట్టినవాడు గంజ్ మాట బయట చెప్పడు. చెప్పినవాడికి మళ్ళీ అక్కడ తువాల పడదు. ఆ సంగతి తెలిసే, లారీ కిటికీలోంచి ఆయనకు వినబడేంత గట్టిగా అన్నాను: "పోనియ్యి అవ్వా, పోడు. గింత దూరం డీజిల్ పోసుకోని ఖాళీ లారీ వాపస్ దీస్కపోయే బేరగాడు బీదర్ల లేడు. ఖేడ్‌ల ఆగి లారీ నింపుకుందమంటే మా బాపు నిలదీస్తడు, గందుకే ఆగకుండ వచ్చిండు."

ఇంజన్ కాసేపు అలాగే మోగింది. తర్వాత ఆగింది.

సాయంత్రానికి, ఎనిమిది వందల లెక్కన, బస్తాలన్నీ ఎక్కాయి. లారీ ఎక్కబోతూ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఛోటే సేట్, నువ్వు ఇగ సేట్ కావు" అన్నాడు. కోపంగా అనలేదు. సంఘం నన్ను తీసెయ్యలేదు. నా వాటా నాకు ఇచ్చారు. కానీ ఆ తర్వాత ఏ వ్యాపారి వచ్చినా నన్ను తరాజు దగ్గర నిలబెట్టేవాళ్ళు, రెండు చేతులూ గొలుసు మీద. బేరం అవ్వ నోటితో చేసేది. ఖేడ్‌లో వార్త నాకంటే ముందు చేరింది. గంజ్‌లో ఎవరూ నా చేతి మీద తువాల వేయలేదు, ఇప్పటి వరకూ.

ఆ వారమే ఒక పూట అన్నం తింటూ బాపు అడిగాడు. అప్పటికి నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"చిటికెన వేలు పట్టిండట?"

"పట్టిండు."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

బాపు ఇంకొంచెం పప్పు వేసుకుని కలుపుకున్నాడు. "నాకు రెండుసార్లు పట్టేటోడు" అన్నాడు.

రెండు నొక్కులంటే ఇరవై. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. సిగ్గుతో కాదు. ఎనిమిది వందల పదికి పోయే పప్పును ఎనిమిది వందలకు ఇచ్చేశామని.

ఆ పది రూపాయలు ఏడాది పొడుగునా నాతో బస్సులో తిరిగాయి. చెబితే బాపును బయటపెట్టినట్టు. చెప్పకపోతే మళ్ళీ తువాల కింద చెయ్యి పెట్టినట్టే. మరుసటి ఏడు బీదర్ ఆయన వచ్చి ధర చెప్పాడు. అవ్వ వెంటనే ఒప్పుకోలేదు. అప్పటికి ఆమెకు ఒక అలవాటైంది, నా వైపు తిరిగి అడిగేది.

"ఇంకేమన్న ఉన్నదా, బిడ్డా?"

తరాజు గొలుసు పట్టుకుని ఉన్నాను. "ఇంకో పది ఉన్నది అవ్వా" అన్నాను.

ఆయన నా మొహం చూసి, అది ఎవరి ఇంటి మాటో గ్రహించి, పది కలిపాడు. ఆ ఏటి నుంచి మా దుకాణం మెట్లు ఎక్కడం మానేశాడు. బాపు దాని గురించి ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.