టెంకాయ నిలబడిన చోటు

శాసనసభ అధ్యయన సంఘం అనంతపురం వచ్చిన రోజు నా చేతిలో నాలుగు పేజీల వినతిపత్రం ఉంది. బోరు పాయింటు చూసేవాళ్లకు లైసెన్సు ఉండాలి. దాన్ని భూగర్భశాస్త్రం చదివినవాళ్లకే ఇవ్వాలి. నష్టపోయిన రైతు వినియోగదారుడిగా ఫిర్యాదు చేయగలగాలి. ఇప్పటికీ అందులో కొట్టివేయాల్సిన వాక్యం నాకు కనిపించదు.

సాక్ష్యానికి బెళుగుప్ప నుంచి మా పెదనాయన కొడుకును వెంటబెట్టుకొచ్చాను. అన్న చీనీ (బత్తాయి) తోటలో రెండు బోర్లు వేస్తే రెండింట్లోనూ నీళ్లు పడలేదు. చెట్లు ఆకు ముడిచేశాయి. ఇంకొక్క బోరు వేయగలడు, అంతే. ఆ రెండు పాయింట్లూ ఒక ముసలాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగి, అది నిలబడిన చోట చూపించినవి. ఏం చెప్పాలో బస్సులో అన్నకు రెండుసార్లు చదివి వినిపించాను.

"ఆయన మిమ్మల్ని మోసం చేశాడంటారా?" అని ఒక సభ్యుడు అడిగారు.

అన్న నావైపు చూడలేదు.

"మోసమేముండాది సార్? బోరు బండి పోయేదాకా ఆయప్ప గట్టు మీదే కూచున్యాడు. నా పెండ్లాం తిడతాంటే తల వంచుకోని ఇన్యాడు. పక్క చేనికి నీళ్లు చూసే మిషన్ తీసుకోని సారొచ్చినాడు, కాగితం చేతిలో పెట్టి పోయినాడు. ఆడా దుమ్మే. లైసెన్సు సరే, దుమ్ము లేసినప్పుడు ఈడ నిలబడేదెవురు?"

అందరూ నవ్వారు. నా పత్రం ఫైల్లోకి వెళ్లింది.

బయట టీ తాగుతూ, ఈసారైనా మిషన్‌తో చూపించమన్నాను.

"ఆ సారు నిలబడడు గదరా. నువ్వు నిలబడతావా?"

నిలబడతానన్నాను.

మిషన్ చూపిన చోట బోరు వేశారు. మధ్యాహ్నం దాకా తెల్లటి రాతి పొడి ఎగిరింది. తడి తగల్లేదు. రాతి కింద నీరు లేకపోతే ఏ శాస్త్రమూ పుట్టించలేదు. అది నాకు తెలుసు. తెలిసినా బండి పక్కనే నిలబడ్డాను.

ముసలాయన ఎవరూ పిలవకపోయినా వచ్చి, ఎప్పటిలాగే గట్టు మీద కూర్చున్నాడు. వదిన నన్ను దాటుకుని నేరుగా ఆయన దగ్గరికి పోయింది.

"నీ టెంకాయ పగల! మళ్లీ ఏం మొగం పెట్టుకోని వచ్చినావు?"

"తిట్టమ్మా, తిట్టు," అన్నాడాయన, తల వంచుకుని.

ఈ పాయింటు ఆయనది కాదని చెప్పాల్సింది నేను. తిట్టడం అయిపోయాక వదిన కొంగుతో ముఖం తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఎండలో ఏల నిలబడినావప్పా? రా, అన్నం తిందువు."

వెళ్లి తిన్నాను.