నాలుగో గ్లాసు

మెట్టుగూడలో రైలు పోయినప్పుడల్లా కిటికీ రెక్కలు కొట్టుకునే ఇల్లు అది. కల్పలత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. అది ఆమె భర్త హరికిషన్‌ది. వీధి చివరి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకునేవాడు. ఆయన పోయి ఏడాది కాలేదు. ల్యాబ్‌లో ఆయన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

ఇన్‌స్టిట్యూట్ నడిపే దుర్గేష్ సారు పలకరించడానికి వచ్చినప్పుడు ఒక మాట అన్నాడు. "సీ లాంగ్వేజ్‌ల చిన్న చిన్న లెక్కలు నేర్చుకోమ్మా. కొత్త పిల్లలకు తప్పు ఎక్కడుందో చూపెట్టగలిగితె ఆ ల్యాబ్ పని నీకే ఇస్త."

పదో తరగతితో చదువు ఆగిపోయిన కల్పలత ఆ మాట పట్టుకునే లేచి కూర్చుంది. పక్కింటి షెకీనా ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే పాఠాలు చెబుతుంది. మధ్యాహ్నం వంట పనులయ్యాక వచ్చి నేర్పేది. సరి బేసి కనుక్కోవడం వచ్చింది, ఎక్కాలు రాయించడం వచ్చింది. వరస చివర సెమీకోలన్ పెట్టడం మాత్రం, పోపులో ఆవాలు మరిచినట్టు, తరచూ మరిచిపోయేది.

రేపు సారు చూస్తానన్నాడు. ఇచ్చిన లెక్క తేలికే. ఇంట్లో ఒక్కొక్కరికి ఎన్ని గ్లాసుల బియ్యం కావాలో కంప్యూటర్ అడగాలి, మొత్తం చెప్పాలి. కల్పలత రాసింది. నడిపింది. తనకు ఒకటి, బిడ్డ నవతకు ఒకటి, అత్త బాలమ్మకు ఒకటి కొట్టింది. జవాబు రాలేదు. నల్లటి తెరమీద గీత ఒకటి మిణుకుమంటూ ఉండిపోయింది.

సెమీకోలన్లన్నీ వెతికింది. అన్నీ ఉన్నాయి. మళ్ళీ నడిపింది. మళ్ళీ అంతే.

"పొద్దటిసంది గది నీకు కన్ను కొడుతనే ఉన్నది," అంది బాలమ్మ వంటింటి గడపలోంచి. "నువ్వు సుత దాన్నే చూస్తున్నవ్. జెర చాయ్ తాగు."

"రేపు సారు ముందట గిట్లనే ఆగితె ఎట్ల అత్తమ్మా?"

అప్పుడే వచ్చిన షెకీనా వంగి చూసింది. "ఇది ఆగలేదక్కా. నాలుగోది అడుగుతుంది. నాలుగు సార్లు అడగమని నువ్వే రాసినవ్ కదా."

కల్పలత తను రాసింది మళ్ళీ చూసుకుంది. నాలుగు అని ఎప్పుడు కొట్టిందో ఆమెకే తెలియదు. వేళ్ళు అలవాటుగా కొట్టేశాయి. బాలమ్మ కూడా అంతే. పూటపూటా, ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అంటూ బియ్యం కొలిచి, నాలుగో గ్లాసు మాత్రం నోరు మెదపకుండా పోసేది. ఆ అన్నం మిగిలేది. పొద్దున్నే దాన్ని పచ్చిమిరపకాయతో కల్పలత తినేది. వద్దని ఎవరూ అనలేదు.

"సున్నా కొట్టు అక్కా, ముందుకు పోతది," అంది షెకీనా మెల్లగా.

కల్పలత చేయి సున్నా మీదికి పోలేదు. ఆయనకు సున్నా అని ఎట్లా కొడుతుంది? షెకీనా వైపు తిరిగి అడిగింది, "సారు వాళ్ళింటి లెక్క చెయ్యమంటె? వాళ్ళు ఎంతమందో నాకేం ఎరుక?"

"అయితే ముందుగాల ఎంతమందో దాన్నే అడగమను."

కల్పలత ఆ నాలుగు తీసేసి, దాని పైన ఒక ప్రశ్న రాసింది. నడిపింది. ఇంట్లో ఎంతమంది అని అడిగింది తెర.

"ఏమంటుందే?" అంది బాలమ్మ.

"ఇంట్ల ఎంతమందిమని."

బాలమ్మ కొంగుతో గడప తుడిచినట్టు చేసింది. "చెప్పు మరి. అడిగినంక చెప్పాలె గద."

కల్పలత మూడు కొట్టింది. అది మూడు సార్లే అడిగి, మొత్తం చెప్పేసింది. కల్పలత షెకీనా చేయి పట్టుకుని కాసేపు వదలలేదు.

మరునాడు దుర్గేష్ సారు కూర్చుని తన ఇంటి లెక్క ఆరు కొట్టాడు. ఆరు సార్లు అడిగింది. "మా ఇంటికాడ నన్ను ఒక్కసారి సుత ఎవ్వరడగరు," అని నవ్వాడు. "సోమవారం నుంచి రామ్మా."

సోమవారం పొద్దున కల్పలత తల దువ్వుకుంటూ వంటింటి వైపు చెవి పెట్టింది. "లాభం, రెండు, మూడు." తర్వాత చప్పుడు లేదు. ఆ తర్వాత బియ్యం పోసిన చప్పుడు. దువ్వెన పట్టుకునే గడపదాకా వచ్చింది.

"గట్ల చూడకు," అంది బాలమ్మ, తిరిగి చూడకుండానే. "నాలుగోది నీ డబ్బాలకు. పనికి పోతున్నవ్ గద, పొద్దుగూకేదాక ఏం తింటవ్?"