మోటారు మామ కలిపిన ముద్ద

నా చిన్నప్పుడు మేమున్న అరబ్బు ఊరు హుఫూఫ్‌లో రంజాన్ నెల వచ్చిందంటే, పట్టపగలు నలుగురి ఎదుట నీళ్ళు తాగే ధైర్యం కార్లకే ఉండేది. మనుషులు తాగితే, ముసల్మానులైనా కాకపోయినా, ముతవ్వలు పట్టుకునేవాళ్ళు. ముతవ్వలంటే మతం కట్టుబాట్లు చూడడానికి సర్కారు పెట్టిన మనుషులు. పొడుగు గడ్డం, పొట్టి అంగీ, పక్కనే ఒక పోలీసు. దొరికినవాడు పరాయి దేశస్థుడైతే జైల్లో కూర్చోబెట్టి, ఆ తర్వాత ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేసేవాళ్ళు. మళ్ళీ ఈ దేశంలో కాలుపెట్టేది ఉండదు.

మాది కడప జిల్లా. దూదేకుల వాళ్ళం. నమాజు అరబ్బీలో, కొట్లాట తెలుగులో. మా నాయన ఒక ఖర్జూరపు తోట యజమాని దగ్గర డ్రైవరు, మా అమ్మ ఆ ఇంట్లోనే వంటమనిషి. తోట వెనక మాకొక గది ఇచ్చారు. నన్ను విమానం ఎక్కించారు గానీ మా ఊరి బడిని ఎక్కించలేకపోయారు. అంతటితో నా చదువు ఆగిపోయింది. అందుకు ఒక్క కన్నీటి చుక్కైనా కార్చలేదని మా అమ్మ చాలా ఏళ్ళు దెప్పింది.

తోటలో నీళ్ళ మోటారు చూసుకునే మనిషిది జగిత్యాల వైపు పల్లె. తెలుగు మాట వినబడగానే మా అమ్మను 'చెల్లె' అనేశాడు, దాంతో నాకు మామ అయిపోయాడు. మోటారు మామ. ఆ మోటారు మొరాయిస్తే దాని పక్కన కూర్చుని ఏదో గొణిగేవాడు, అది దడదడమని లేచేది. ఏం చెప్పావు మామా అని అడిగితే, "నువ్వు నడువకుంటె మా బుడ్డినిచ్చి పెండ్లి చేస్తనన్న. భయపడి నడిశింది" అనేవాడు. బుడ్డి అంటే నేనే. నేను అలిగి వెళ్ళిపోయి, కాసేపటికే మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని.

మామ మా మతం కాదు, పైగా షుగరు ఉండేది. మాత్ర వేసుకుని మధ్యాహ్నం తినకపోతే కళ్ళు తిరుగుతాయని ఒకసారి అమ్మతో చెప్పాడు. ఆయన గది ఊరికి ఆ కొసన ఉన్న కూలీల క్యాంపులో. పొద్దున లారీ దించేది, సాయంత్రం లారీ ఎక్కించుకునేది. రంజాన్‌లో పగలు హోటళ్ళు మూసే ఉంటాయి. మా గదిలో పెడదామంటే, నాయన లేని వేళ పరాయి మగమనిషి గడప లోపలికి రావడం ఈ దేశంలో ఇంకో నేరం. ఇక మిగిలింది మోటారు కొట్టం. దానికి మూడు గోడలే ఉన్నాయి. నాలుగో వైపు రోడ్డుకు కనబడుతుంది.

అందుకని మా అమ్మ ఒక ఉపాయం చేసింది. తాను రోజా ఉపవాసం ఉంటూనే మామకు వండేది. గిన్నెకు మూత బిగించి బకెట్లో పెట్టి, పైన తడిబట్టలు కప్పి, జాడించుకొస్తానని కొట్టం దగ్గరి తొట్టికి బయలుదేరేది. యజమాని ఇంట్లో బట్టలుతికే మిషన్ ఉన్నా ఆ నెలంతా అమ్మకు తొట్టి నీళ్ళ మీదే ప్రేమ. మామ తింటున్నంతసేపూ రోడ్డుకు అడ్డంగా దుప్పటి పట్టుకుని పిండుతూ ఉండేది. అంత శ్రద్ధగా పిండించుకున్న దుప్పటి ఈ దేశంలో ఇంకొకటి ఉండదు.

ఆ ఏడు నేను కూడా రోజా ఉంటానని పట్టుబట్టాను. పిల్లలకు అక్కర్లేదని అమ్మ చెప్పి చెప్పి అలసిపోయి, సరే, ఒక్కరోజు ఉండమంది. తొలి రోజా అంటే మా వాళ్ళలో చిన్న పెళ్ళి. యజమాని భార్య జరీ అంచు పచ్చగౌను కుట్టించింది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి మెడలో దండ వేస్తారు. ఉమ్మి మింగితే రోజా పోతుందేమోనన్న భయంతో నేను పొద్దున్నుంచీ నోరు విప్పలేదు. ఇంట్లో వాళ్ళకు పండగ అప్పుడే మొదలైంది.

మధ్యాహ్నం అమ్మ వెంట నేనూ కొట్టానికి వెళ్ళాను. తోటలో ఆకు కదలడం లేదు. మామ పప్పన్నం కలుపుతూ నన్ను చూసి చెయ్యి ఆపాడు.

"బుడ్డీ, జర అటు తిరుగే. నీ ముంగట తింటె నాకరగది."

నేను అటు తిరిగాను. తిరిగిన వైపే రోడ్డు. ముతవ్వల బండి ఒకటి మూతిలోంచి పొగలు కక్కుతూ మా గేటు ముందు ఆగింది. బండికి దాహం వేసింది. డబ్బా పట్టుకుని ముతవ్వ, వెనక పోలీసు, మోటారు చప్పుడు విని నేరుగా కొట్టంలోకి వచ్చారు. అమ్మ ఇంకా తొట్టి దగ్గరే దుప్పటి జాడిస్తోంది. అడ్డం లేదు.

మామ ముందర అన్నం గిన్నె, వేళ్ళకు పప్పు. ఇంకా ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టలేదు. పెట్టలేదని ఎవరికి చెబుతాం? ముతవ్వ కళ్ళు గిన్నె మీద నుంచి ఆ వేళ్ళ మీదికి వెళ్ళాయి. పోలీసు మామ దగ్గరికి ఒక అడుగు వేశాడు.

అమ్మ ముసుగు సర్దుకుంటూ పరుగున వచ్చి నన్ను ముందుకు తోసింది. తనకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో, అన్నం ఈ పిల్లది, మారాం చేస్తోంది, అందుకే ఈయన కలిపి పెడుతున్నాడు అని చెప్పింది. ముతవ్వ పెట్టమన్నట్టు చేత్తో సైగ చేసి అక్కడే నిలబడ్డాడు.

అప్పుడు మా అమ్మ నా గడ్డం పట్టుకుని, చంటిపిల్లలకు చందమామను చూపిస్తూ తినిపించే గొంతుతో, రాగం తీస్తూ తెలుగులో అంది: "నోరు తెరువు బంగారూ... లేకుంటే మామను పట్టుకపోతారు తల్లీ... నవ్వుతా తిను..."

మామ ముద్ద పట్టుకుని, అదే రాగంలో, అదే నవ్వుతో అమ్మకు జవాబు చెప్పాడు: "వద్దు చెల్లే... పొద్దుగాలకెంచి పస్తున్నది పోరి... నన్ను తీస్కపోతె పోనియ్యే..."

"నువ్వు గమ్మునుండన్నా... నీ పెండ్లాం బిడ్డలు ఏం తింటారు అక్కడ..."

చూసేవాళ్ళకు ఇద్దరు పెద్దవాళ్ళు ఒక మొండిపిల్లను బుజ్జగిస్తున్నట్టే ఉంది. పోలీసు నవ్వాడు కూడా. మామ చేతి ముద్దలోంచి పప్పు కారి మణికట్టు దాకా వచ్చింది. నాకు ఆ పచ్చగౌను, సాయంత్రం దండ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆ తర్వాత మామ మొహం చూశాను. నోరు తెరిచాను.

నాలుగైదు ముద్దలు తిన్నాను. అంత ఆకలిలో కూడా రుచి తెలియలేదు. ముతవ్వ డబ్బా నింపుకుని, వెళ్ళేముందు నా నెత్తి నిమిరి అమ్మకు ఏదో చెప్పాడు. ఈ వయసుకు మా పిల్లలు రోజా ఉంటారు, నువ్వు కూడా అలవాటు చెయ్యి అన్నాడట. నా నోట్లో ఇంకా అన్నం ఉంది. లేకపోతే ఈ దేశం అంత మంచి తెలుగు తిట్లు వినేది.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు. పిల్ల తాళలేకపోయింది, ఇంకో ఏడు చూద్దామని అమ్మ చెబితే నవ్వి, నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు. నేను తలుపు వెనక కూర్చుని ఏడ్చాను. అమ్మ వచ్చి పక్కన కూలబడింది. "నువ్వు నోరు తెరిచింది దేవునికి కనబడింది. ఎందుకు తెరిచినావో కూడా కనబడింటుంది. ఆయనేం ముతవ్వ కాదు" అంది. ఆ మాటకు ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది.

మరుసటి రోజు అమ్మ బకెట్టు తీసుకెళితే మామ గిన్నె వెనక్కి పంపేశాడు. క్యాంపులో తెల్లవారకముందే వండుతున్నారని, గొంతుదాకా తిని వస్తున్నానని, పొట్ట తట్టి చూపించాడు. ఆ తర్వాత రోజూ అదే మాట, అదే తట్టడం. అమ్మ నమ్మింది. నన్ను మాత్రం ఎప్పటిలాగే మోటారుకిచ్చి పెళ్ళి చేస్తానంటూనే ఉన్నాడు. ఆయన మొహం కాస్త పీక్కుపోయిందని అమ్మ ఒకసారి అంటే, ఎండకు మా మొహాలు మాత్రం ఏమంత బాగున్నాయన్నాడు నాయన.

పండగ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం మా గది గడప తడిసింది. తొట్టి నిండి, పొర్లి, కాలువ దాటి నీళ్ళు ఇంటి దాకా వచ్చాయి. మోటారు ఆపేవాళ్ళు లేరు. అమ్మ చెప్పులు లేకుండా పరిగెత్తింది. మామ తొట్టి పక్కన బురదలో పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. చుట్టూ అన్ని నీళ్ళు, ఆయన పెదాలు మాత్రం పగిలిపోయి ఉన్నాయి.

నాయన బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ప్రాణం నిలిచింది గానీ మనిషి మునుపటి మనిషి కాలేదు. మాట ముద్దగా వచ్చేది, నడిస్తే పక్కకు తూలేవాడు. పండగ వెళ్ళగానే యజమాని ఎగ్జిట్ కొట్టించాడు. ముతవ్వలు చెయ్యలేకపోయిన పని అలా జరిగిపోయింది. విమానాశ్రయానికి మా నాయనే దింపాడు. ఎందుకు తినలేదు బావా, మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటారా అని దారిలో నాయన అడిగితే, మామ తన కుడిచెయ్యి ఎత్తి చూపించాడట.

"పిల్ల నోట్లె ముద్ద వెట్టి రోజా చెడగొట్టిన చెయ్యి ఇది బావా. ఇగ దీనితోని పగటిపూట నేనెట్ల తింట?"

బుడ్డికి చెప్పొద్దన్నాడట. నాయన అమ్మకు చెబుతుంటే నేను విన్నాను. మా అమ్మ ఆ రోజు దుప్పటి పిండడానికి వెళ్ళి, పిండకుండానే తీగ మీద వేసి వచ్చింది. అది రాత్రిదాకా కారుతూనే ఉంది. మరుసటి రంజాన్ రాకముందే మామ పోయాడని వాళ్ళ ఊరి మనిషొకడు చెప్పాడు. ఆ రంజాన్‌కు నేను తొలి రోజా పూర్తి చేశాను. గౌను బిగుతైపోయింది. దండ వేశారు, ఫోటో తీశారు. ఫోటోలో నేను ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటాను.

పెళ్ళయ్యాక కూడా నేను ఈ ఊళ్ళోనే ఉండిపోయాను. ఇప్పుడు మా అబ్బాయి కొట్టు నడుపుతున్నాడు, మనవరాలు రోజా ఉంటానని నా ప్రాణం తీస్తోంది. ముతవ్వల జోరు తగ్గింది గానీ రంజాన్ పగలు వీధిలో తినకూడదన్న నియమం అలాగే ఉంది. నేను ప్రతి ఏడూ అన్ని రోజాలూ ఉంటాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు కాబట్టి అవి నావి. సాయంత్రం ఖర్జూరం నోట్లో పెట్టుకునేటప్పుడు మాత్రం, దానికంటే ముందు పప్పు కారుతున్న ఒక చెయ్యి నా పెదాలకు తగులుతుంది.

కొట్టు వెనక గదిలో సామాన్లు మోసే కుర్రాళ్ళుంటారు. మన దేశం వాళ్ళు, నేపాల్ వాళ్ళు. ఆ నెలంతా మధ్యాహ్నం ఒక గిన్నెడు పప్పన్నం మూతపెట్టి వాళ్ళ గడప ముందు పెడతాను. తలుపు తట్టి, తెరిచేలోపే వెనక్కి తిరుగుతాను. ఎవరు తీసుకున్నారో చూడవా అవ్వా అని మనవరాలు అడుగుతుంది. చూడను. మామ నన్ను అటు తిరగమన్నాడు కదా. ఇంకా అటే తిరిగి ఉన్నాను.