కాంతమ్మ గారూ, వెంకన్న చేనూ

మొన్న మొగల్తూరు వైపు వెళ్తుంటే దారి పక్కన ఒక రొయ్యల చెరువు ఎండగట్టి ఉంది. ఆ నల్ల బురద వాసన బస్సు కిటికీలోంచి గుప్పున కొట్టింది. ఉప్పూ కుళ్ళూ కలిసిన ఆ వాసనకు పక్కసీటు ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం కాంతమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

భీమవరంలో ఆవిడకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. భర్త పోయాక ఆయన కెమెరా తనే భుజాన వేసుకున్న మనిషి. పెళ్ళిళ్ళు తీసి బతికినా, ప్రాణమంతా పొలాల ఫోటోల మీదే ఉండేది. చేసిన రెండు ఉద్యోగాలూ వదిలేసి, ఇరవయ్యారేళ్ళ వయసులో నేను ఆవిడ దగ్గర పనిలో చేరాను. తెల్లవారగానే నన్ను స్కూటర్ మీద కాలవ గట్ల వెంట తిప్పేవారు. "ఆకాశం, నేల కలిసే గీత ఎప్పుడూ నడిమధ్యన పెట్టకు శీనూ. పైన మూడో వంతులోనో కింద మూడో వంతులోనో ఉండాలి. గట్టు ఒక మూల నుంచి లోపలికి నడవాలి. కరెంటు స్తంభం, పైపు, ప్లాస్టిక్ సంచి, కంటికి అడ్డమొచ్చేది ఏదైనా తప్పించెయ్యి," అనేవారు. బహుమతి తెచ్చిన ఆవిడ ఫోటో ఒకటి స్టూడియో గోడ మీద ఉండేది. తుఫాను వెలిసిన ఆకాశం కింద వంపు తిరిగిన కాలవ, ఒక్క కొంగ. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఏడాది తిరిగేసరికి, "నీ చెయ్యి కుదిరింది" అన్నారు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో!

ఆ వేసవిలో, రెండో పంట దాళ్వా వరి ఇంకా పొట్టమీదున్న రోజుల్లో, వెంకన్న అనే కౌలురైతు స్టూడియోకి వచ్చాడు. "పక్క రొయ్యల చెరువోళ్ళు ఉప్పునీళ్ళు మా చేలోకి నీళ్ళొచ్చే బోదెలోకి వదిలేస్తున్నారండి. ఎకరం చేనూ మాడిపోయింది. ఆఫీసులో మొర పెట్టుకుంటే ఫోటోలు తెమ్మన్నారండి," అన్నాడు. కాంతమ్మ గారు జ్వరంతో ఉన్నారు. నన్ను పంపారు.

నేను వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. చచ్చిన చేను ఆ ఎండలో బంగారంలా మెరుస్తోంది. చెరువు గట్టులోంచి ఒక నల్ల గొట్టం బయటికొచ్చి బోదెలోకి కారుతోంది. దాని మూతికి గోనెగుడ్డ చుట్టి ఉంది. సరిగ్గా ఫ్రేములో కుడి మూలకు వచ్చి గట్టు గీతను తెగ్గొడుతోంది. రెండడుగులు ఎడమకు జరిగాను.

"ఆ గొట్టం ఫోటోలో పడుద్దాండి?" అని వెంకన్న వెనక నుంచి అడిగాడు.

"అది వస్తే ఫోటో పాడవుతుందండి. చేను కనబడితే చాలు కదా."

"మీకు తెలుస్తది కదండి," అని పక్కకు తప్పుకున్నాడు.

పది రోజులకు మళ్ళీ వచ్చాడు. కోపంగా లేడు. "చేను కోతకొచ్చినట్టుంది కదయ్యా అన్నారండి ఆఫీసరు గారు. గొట్టం ఏదన్నారు. వాళ్ళు వచ్చి చూసేసరికి చెరువోళ్ళు పీకేశారండి," అన్నాడు. ఫిర్యాదు అక్కడితో మూసేశారు. భూమి గలాయన ఆ ఎకరాన్ని కూడా చెరువు వాళ్ళకే ఇచ్చేశాడు. వెంకన్న, అతని భార్య జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోటల్లో కూలికి వెళ్ళిపోయారు.

కాంతమ్మ గారు నా ఫోటో బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశారు. తిడతారని నిలబడ్డాను.

"గొట్టం ఎందుకు తప్పించావు?"

"అడ్డమొచ్చిందండి."

"నేనే కదా నేర్పింది," అన్నారు. తర్వాత గోడ మీది ఫోటో వైపు చూపించి, "అది తీసిన యేడు తుఫానుకి కోసిన వరి పనలన్నీ నీళ్ళలో మొలకెత్తిపోయాయి. ఆ కాలవ గట్టు మీదే కుప్పలు పోశారు. వాటి పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన లేకుండా తీశాను. దానికే బహుమతిచ్చారు," అన్నారు. ఆ ఫోటో దించి గోడవైపు తిప్పి పెట్టారు. మళ్ళీ ఎక్కించలేదు.

అప్పటికే ఆవిడకు ఆయాసం ముదిరింది. అయినా నన్ను వెంటబెట్టుకుని ఉప్పుబారిన చేలకు తిరిగారు. ముందు రైతును పక్కన కూర్చోబెట్టుకుని ఏం జరిగిందో వినేవారు. ఆ తర్వాతే కెమెరా తీసేవారు. గీత నడిమధ్యకు వచ్చినా, స్తంభాలు అడ్డంగా నిలిచినా పట్టించుకునేవారు కాదు. గొట్టం, బోదె, చేను, మనిషి అన్నీ ఒక్కచోట పడాలి. "చూడ్డానికి బాలేదండి," అన్నాను ఒకసారి. "బాగుండడానికి అక్కడేముంది శీనూ?" అన్నారు. ఆ ఫోటోలు తీసుకుని ఆఫీసులకు వెళ్ళిన వాళ్ళలో చాలామందికి ఏ న్యాయమూ జరగలేదు. అది తెలిసీ ఆవిడ ఆగలేదు. రెండో ఏడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలోనే పోయారు. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు నడుస్తోంది.

ఆవిడ పోయిన నెలకు జంగారెడ్డిగూడెం వెళ్ళాను. అడగ్గా అడగ్గా ఒక తోటలో వెంకన్న దొరికాడు. గెలలు మోసి మోసి నడుం వంగిపోయింది. భార్య పోయిందట. నన్ను వెంటనే గుర్తుపట్టి, తలపాగా విప్పి గట్టు దులిపి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేకపోయాను.

"ఆ రోజు తప్పు నాదేనండి వెంకన్న గారూ. గొట్టం నేనే తప్పించాను," అన్నాను.

"అయ్యో, మీరేం చేస్తారండి," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టుగా. "బాగా రావాలనే కదండి తీశారు."

అతను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. కెమెరా కంటికి ఆనించిన ప్రతిసారీ ఆ మాటే వినిపిస్తుంది. చేయి ఆగిపోతుంది.